ఒక్క తల్లికే పాలసీ

మా క్లినిక్కులో పనిచేసేవాళ్ళకి హెల్త్ ఇన్సూరెన్స్ తీసుకోవాలన్న మంచి బుద్ధి నాకు దానంతట అది పుట్టలేదు. మా అసిస్టెంటు మానేస్తానంటే పుట్టింది. తెనాలిలో నాది చిన్న పళ్ళ ఆసుపత్రి. రెండు కుర్చీలు, ఒక ఎక్స్‌రే మిషను, పేషెంటు నోరు తెరిచాక మొరాయించే కంప్రెసరు. అసిస్టెంటు రోజూ రేపల్లె నుంచి పొద్దుటి రైలుకి వస్తుంది. గుంటూరులో ఏదో పెద్ద ఆసుపత్రి వాళ్ళు ఆమెని రమ్మన్నారు. "జీతం ఇక్కడంతేనండి మేడం. కాకపోతే ఇంటిల్లిపాదికీ ఇన్సూరెన్స్ ఉందండి" అంది. మంచి అసిస్టెంటు దొరకడం మంచి సంబంధం దొరకడం కంటే కష్టం. నేనూ ఇస్తాను ఉండమన్నాను.

ఆ మాట అన్నప్పుడు నా మనసులో మెదిలింది మాత్రం బాపట్లలో ఉన్న మా అమ్మ మోకాళ్ళు. రెండూ అరిగిపోయాయి. ఆపరేషన్ చేయిస్తానని ఎన్నిసార్లు అన్నా "నీ డబ్బు నాకెందుకే" అనేది. ఆ మాట ఎంత మెత్తగా అనేదో నాకంత కోపం వచ్చేది. అలాంటిది, పక్కింటి టీచరమ్మకి వాళ్ళబ్బాయి కంపెనీ ఇన్సూరెన్స్‌లో ఆపరేషన్ అయిందని తెలిశాక, "ఎవరో కంపెనీ వాళ్ళు పెట్టుకుంటే చేయించుకోవచ్చు" అని ఒకసారి నోరు జారింది. నాకు ఆ ఒక్క సందు చాలు.

మోకాళ్ళు బాగున్నన్నాళ్ళూ శనివారం శనివారం చెప్పాపెట్టకుండా రైలెక్కి వచ్చేసేది. రిసెప్షన్‌లో తనెవరో చెప్పకుండా టోకెను తీసుకుని పేషెంట్ల మధ్య కూర్చునేది. నేను తర్వాత ఎవరని పిలిస్తే, చేతిలో రొయ్యల పచ్చడి సీసాతో లోపలికొచ్చి కుర్చీ ఎక్కి, "అన్నం తిన్నావా, అది చెప్పు ముందు" అనేది. ఇప్పుడు రైలు మెట్లు ఎక్కలేదు. శనివారాలు పేషెంట్లని పిలిచేటప్పుడు ఇప్పటికీ తలుపు వైపు చూస్తాను. ఎవరో పిప్పిపన్ను పట్టుకుని వస్తారు. వాళ్ళ తప్పేమీ లేకపోయినా వాళ్ళ మీద విసుగొస్తుంది.

ఏజెంటు ఒక మధ్యాహ్నం వచ్చి మా అందర్నీ కూర్చోబెట్టి రెండు పాలసీలు చూపించాడు. ఒకటి చవక. ఉద్యోగి, భార్యో భర్తో, పిల్లలు, అంతవరకే. రెండోది ఖరీదు. అందులో తల్లిదండ్రులు కూడా ఉంటారు, పాత జబ్బులకి కూడా మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. మా రిసెప్షనిస్టు అన్నీ విని, "పళ్ళకి వస్తుందాండి?" అని అడిగింది. "పళ్ళకి రాదండి" అన్నాడతను. పళ్ళ ఆసుపత్రి వాళ్ళకి పళ్ళు తప్ప ఒళ్ళంతా ఇన్సూరెన్సని అందరం నవ్వుకున్నాం.

తల్లిదండ్రులైనా, అత్తమామలైనా, ఏదో ఒక జంటనే రాయాలట. అసిస్టెంటు క్షణం ఆలోచించకుండా అత్తమామలని రాయించింది. మరి మీ అమ్మానాన్నల సంగతేంటని అడిగితే, "మా అమ్మ ఏమనుకోదండి. అత్తని రాయకపోతే నేను ఇంటికెలా వెళ్తానండి?" అంది. ఎవరు ఏమనుకోరో వాళ్ళనే వదిలేస్తాం. నాకా మాట అప్పుడు నవ్వులాటగానే అనిపించింది.

ఖరీదైనదే తీసుకుందామన్నాను. స్టాఫంతా నన్ను దేవతలా చూశారు. ఇంతలో ఏజెంటు, "గ్రూపు పాలసీకి ఒకరు తగ్గారండి. మీరూ చేరండి మేడం, డాక్టరుగారైనా ఉద్యోగి కిందే రాసుకుంటాం" అన్నాడు. రోగి కోరిందీ పాలే, వైద్యుడు ఇచ్చిందీ పాలే. కాసేపు మొహమాటం నటించి ఒప్పుకున్నాను.

తల్లి పేరు దగ్గర అమ్మ పేరు చెప్పాను. అతను నా పదో తరగతి సర్టిఫికెట్టు చూసి, "ఇందులో వేరే పేరుందండి" అన్నాడు.

ఉంటుంది. నన్ను కన్నది రేపల్లెలో ఉండే పిన్ని. పెంచింది ఆమె అక్క, బాపట్లలో ఉండే మా అమ్మ. అక్కకి పిల్లల్లేరని చెల్లెలు తన రెండో పిల్లని, పాలు మాన్పించాక, ఆమె దగ్గరికి పంపింది. మా వైపు ఇది వింతేం కాదు. కాగితం ఉండదు, కార్యం ఉండదు, వరస మారుతుందంతే. పెద్దమ్మ అమ్మ అయింది, అమ్మ పిన్ని అయింది. బంధువులందరికీ తెలుసు, నాకూ బుద్ధి తెలిసినప్పటి నుంచీ తెలుసు. బడిలో వేసేటప్పుడు పుట్టినతేదీ కోసం రేపల్లె చర్చి వాళ్ళిచ్చిన బాప్తిస్మం సర్టిఫికెట్టు తెచ్చారు. దాంట్లో పిన్ని, బాబాయిల పేర్లున్నాయి. మా నాన్న, అంటే నన్ను పెంచిన నాన్న, మిషన్ స్కూల్లో మేష్టారు. "పాస్టరుగారు రాసిన దాన్ని నేను దిద్దుతానా?" అని ఉన్నదున్నట్టు ఎక్కించేశాడు. ఆయన నిజాయితీకి ఇన్నాళ్ళ తర్వాత నాకు ఒళ్ళు మండింది.

ఏజెంటు మంచివాడు. కంపెనీ వాళ్ళతో మాట్లాడి మళ్ళీ వచ్చాడు. పిల్లని చిన్నప్పుడే అక్కకి ఇచ్చేశానని, ఆ పిల్లకి అక్కే తల్లని, కన్నతల్లి నోటరీ కాగితం మీద సంతకం పెడితే ఆలోచిస్తామన్నారట. నాకు ప్రాణం లేచొచ్చింది. పిన్ని జీవితంలో దేనికీ కాదనలేదు. కాగితం రాయించి, ముందు బాపట్లకి ఫోన్ చేసి అమ్మకి సంగతి చెప్పాను.

"ఎందుకే ఈ గొడవంతా? దాని పేరే ఉండనీ. కన్నది అదేగా" అంది అమ్మ.

ఇది నాకు కొత్త కాదు. వేసవి సెలవులకి రేపల్లె వెళ్ళి తిరిగొచ్చేటప్పుడల్లా స్టేషన్లో ఇదే వరస. "నీ కూతుర్ని జాగ్రత్తగా తీసుకెళ్ళక్కా" అనేది పిన్ని. "నీ పిల్లేగా, ఇంకో నాలుగు రోజులు ఉంచుకోరాదూ" అనేది అమ్మ. ఇద్దరూ మర్యాదస్తులు. పండగకి ఆఖరి అరిసె పళ్ళెంలో మిగిలితే నువ్వు తిను అంటే నువ్వు తిను అనుకున్నట్టు ఉండేది. మధ్యలో నిలబడి, ఎవరో ఒకరు నన్ను రెక్క పుచ్చుకుని లాగితే బాగుండునని అనుకునేదాన్ని. ఇది నాదే, ఇవ్వను పో అని ఒక్కరంటే చాలు. ఇద్దరు తల్లులు నీకు, అదృష్టవంతురాలివి అనేవారు చుట్టాలు. ఆ అదృష్టంతో నేను ఎన్ని రాత్రులు దిండు తడిపానో వాళ్ళకేం తెలుసు.

ఆదివారం పిన్ని చర్చి నుంచి వచ్చే వేళకి రేపల్లె వెళ్ళాను. ఆమె చీర మార్చుకుని, కళ్ళజోడు పెట్టుకుని, కాగితాన్ని పెదవులు కదుపుతూ చదివింది. రెండోసారి కూడా చదివింది.

"ఇచ్చేశానని రాశారేంటి?" అంది.

"అలా ఉంటేనే ఒప్పుకుంటారంట పిన్నీ."

"అక్క ఏడుస్తుంటే చూడలేక పంపాను. కొన్నాళ్ళకి తీసుకొచ్చేసుకుందామనే అనుకున్నాను. నిన్ను దాని చంకలో చూశాక అడగడానికి నోరు రాలేదు. ఇచ్చేశానని నేను ఎవరితోనూ అనలేదు. మీ బాబాయితో కూడా అనలేదు. సంతకం పెట్టను."

"అమ్మ మోకాళ్ళు పిన్నీ..."

"నా మోకాళ్ళు కోసిమ్మన్నా ఇచ్చేస్తాను. దీని మీద మాత్రం పెట్టను." కాగితం మడిచి నా ఒళ్ళో పెట్టి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఏ మాట కోసం చిన్నప్పటి నుంచీ మొహం వాచిపోయానో ఆ మాట ఇన్నాళ్ళకి వచ్చింది. అది రాకూడని రోజున వచ్చింది. ఆమె వెనకే వెళ్ళి మెడ కౌగిలించుకోవాలనిపించింది, ఆ చెయ్యి పట్టుకుని బలవంతాన సంతకం పెట్టించాలని కూడా అనిపించింది. రెండూ చేతకాక అమ్మకి ఫోన్ చేశాను.

"పిన్ని పెట్టనంటోంది అమ్మా."

ఎప్పట్లాగే పోనీలే అంటుందనుకున్నాను.

"పెట్టనందా?" అంది అమ్మ. గొంతు మారిపోయింది. "పెట్టకపోతే మానేయమను. నీకు టైఫాయిడొస్తే పక్కన కూర్చుంది అదా, నేనా? నిన్ను డాక్టరు చదివించడానికి గాజులు తీసి అమ్మింది ఎవరు? నా పిల్లకి నేను తల్లినని అది రాసివ్వాలేంటి? నాకే ఇన్సూరెన్సూ అక్కర్లేదు. నా ఆపరేషన్ నా కూతురే చేయిస్తుంది. చెప్పు దానికి!"

చెప్పే పని లేకపోయింది. ఆ అరుపులు వంటింట్లోకి బాగానే వినిపించాయి. పిన్ని గిన్నెలు ఎత్తి ఎత్తి పెడుతోంది. నేను గుమ్మంలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. అంత సుఖంగా ఎప్పుడూ ఏడవలేదు.

పాలసీలో తల్లి పేరు దగ్గర పిన్ని పేరే రాయించాను. అక్కచెల్లెళ్ళిద్దరూ తర్వాత చాలా రోజులు మాట్లాడుకోలేదు. బయటికి సర్దిచెబుతూనే ఉన్నాను కానీ లోపల నాకు పండగలా ఉండేది.

ఆపరేషన్ రోజున గుంటూరు ఆసుపత్రికి పిన్ని ఎవరూ పిలవకుండానే వచ్చింది. అమ్మ వైపు చూడకుండా ఆమె బట్టల సంచి నా చేతిలోంచి లాక్కుంది. కౌంటర్లో అమ్మాయి కాగితాలు తీసుకుంటూ, చక్రాల కుర్చీలో ఉన్న అమ్మని, "ఇన్సూరెన్స్ ఉందా మామ్మగారూ?" అని అడిగింది.

"లేదమ్మా. కూతురుంది" అంది అమ్మ.

"మా ఇద్దరికీ" అంది పిన్ని, సంచి కింద పెట్టకుండానే.