శంకరం ఏడికి పోయిండు?

మొన్న మంచిర్యాల నుంచి కరీంనగర్ వచ్చే బస్సులో ఒకామె తడిపిన తునికాకు మూట తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టింది. ఆ పచ్చి వాసన ముక్కుకు తగలగానే నా యాభై ఏళ్లలో నలభై అక్కడికక్కడే రాలిపోయాయి. నన్ను కన్న అవ్వ, ఎదురింటి లచ్చవ్వ, ఇంకో నలుగురు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టే మా అరుగు మీద తేలాను.

వాళ్లకు చదువు రాదు, కానీ సీరియల్ కథ వినకపోతే చెయ్యి ఆడదు. వారపత్రికేమో కృష్ణా జిల్లా నుంచి వచ్చిన పక్కింటి టీచరమ్మది. ఆమె దాన్ని గడప దాటనిచ్చేది కాదు. కుక్కర్ మూడు కూతలు కూసేలోగా అక్కడే చదివి ఇచ్చెయ్యాలి. నేను పేజీలు తిప్పిన గాలికి ఆమె స్టవ్వు రెండుసార్లు ఆరిపోయిందని ఇప్పటికీ ప్రమాణం చేస్తాను. గుర్తుపెట్టుకునే కిటుకు మాత్రం అవ్వ నేర్పిందే. “ఇరవై ఐదు బీడీలకోసారి దారం కట్టకుంటే కుప్పంత ఆగమైతది బిడ్డా. సదువు గూడ గంతే.” అందుకే అరపేజీకోసారి కళ్లు మూసుకుని, చదివిందంతా ఒక్క మాటగా కట్టేసి, అరుగు మీదికొచ్చి ఒక్కో కట్టే విప్పేదాన్ని.

ఆ సీరియల్లో శంకరం భార్యను వదిలి దూరదేశం పోయినవాడు. మస్కట్‌లో ఉన్న లచ్చవ్వ పెనిమిటి దగ్గర్నుంచి నాలుగు నెలలుగా ఉత్తరం లేదు గనక, ఆమె శంకరం కబురు కోసమే కూచునేది. ఒక వారం చివరి వాక్యం: “శంకరం పోయాడు.” అక్షరం మరచిపోకుండా తెచ్చి అప్పజెప్పాను.

“శంకరం పోయిండు.”

“ఏడికి పోయిండే?” అంది అవ్వ.

“రాయలే.”

“ఇంకేడికి పోతడు, ఇంటికే! తొవ్వల ఉండొచ్చు,” అని లచ్చవ్వ నెలల తర్వాత నవ్వింది.

మరుసటి వారం పేజీ తిప్పితే శంకరానికి పదోరోజు కర్మ! కృష్ణా జిల్లా భాషలో ‘పోవడం’ అంటే ఏమిటో అప్పుడు తెలిసి, నా గుండె కుక్కర్ కంటే ముందు కూసింది. అరుగెక్కకముందే లచ్చవ్వ అడిగింది: “ఒచ్చిండా?”

“తొవ్వలనే ఉన్నడు.”

ఇక అచ్చులో ఉన్న కథొకటి, నా నోట్లో ఉన్న కథొకటి, రెండూ గుర్తుండాలి. పది వారాలు ఆ చచ్చినవాణ్ణి నడిపించాను. బొంబాయిలో జ్వరం తెప్పించాను, రైలు తప్పించాను, బస్సుకు మూడు పంచర్లు వేయించాను.

“పాపం, కాళ్లు గుంజుతయేమో, జర కూసోబెట్టరాదే,” అంది అవ్వ నావైపు చూడకుండా. ఆమెకు ఎప్పుడు తెలిసిందో నాకు తెలియదు.

పదకొండో వారం లచ్చవ్వకు ఉత్తరం వచ్చింది. కవరు చించి నా చేతిలో పెట్టింది. అలవాటుగా నేను రైలులా చదవడం లంకించుకున్నాను. తంబాకు అంటిన లచ్చవ్వ చెయ్యి నా మణికట్టు పట్టుకుంది.

“జర మెల్లగ, బిడ్డా. గిది టీచరమ్మకు మల్ల ఇచ్చేది కాదు.”

ఇప్పుడు లచ్చవ్వ మనవడు అదే మస్కట్ నుంచి రోజూ ఫోన్‌లో ముఖం చూపిస్తాడు. అరుగు పోయి షట్టర్ వచ్చింది, వారపత్రిక ఆగిపోయింది. నేను ఫోన్‌లో పొద్దున్నే వంద సంగతులు చదివి, చాయ్ తాగేలోగా నూటొక్కటి మరచిపోతాను. ఆ ఉత్తరం మాత్రం పొల్లు పోకుండా గుర్తుంది: తను బాగున్నాడు, కాలు విరిగి మంచంలో ఉండి రాయలేకపోయాడు, ఇంతకూ మేక ఈనిందా?