సాయిలును మొద్దు అనకుండ్రి

నేను లచ్చవ్వను. వయసు తొంభై దాటింది. ఎంత దాటిందో ఆధార్ కార్డు ఒక తీరు చెప్తది, నేను ఒక తీరు చెప్త.

కామారెడ్డిల మనుమడు రవి ఇంట్ల ఉంటున్న. రవి, వాని పెండ్లాం, వాళ్ల బిడ్డ మౌనిక, నేను.

నాకు చదువు రాదు. నేను చెప్తున్న, మౌనిక ఫోన్ల కొడుతున్నది. ఉన్నదున్నట్టు కొట్టు బిడ్డా, నున్నగ చేయకు.

నిన్న పొద్దుగాల చాయ్ తాగుతుంటే ఎల్లారెడ్డి నుంచి అల్లుడు గంగారాం ఫోన్ చేసిండు.

“అత్తా, బాపు పోయిండు.”

బాపు అంటే వానికి బాపు. నాకు తమ్ముడు. సాయిలు. నా చంకల పెరిగినోడు.

మొన్ననే వీడియో కాల్ల “నీకంటె ముందు నేను పోనక్కా, లైన్ల నువ్వే ముందున్నవ్” అని నవ్విండు.

లైన్ తప్పిండు.

మట్టి చేసేటందుకు పోయినం. ఆడ అందరి నోట్ల ఒకటే మాట. “మొద్దు సాయిలు పోయిండు పాపం.”



సాయంత్రం మా ఊరి వాట్సాప్ గ్రూప్ల, పదో దినానికి కట్టే ఫ్లెక్స్ ఫొటో వచ్చింది. మౌనిక సదివింది. దాని మీద గూడ “మొద్దు సాయిలు” అనే ఉన్నదంట.

గంగారాంను అడిగిన. “అట్ల రాయకుంటే ఏ సాయిలో ఎట్ల ఎర్కయితది అత్తా? ఊరంత సాయిలులే” అన్నడు.

అందుకే ఈ పోస్ట్. గా పేరు ఎట్ల వచ్చిందో చూసినోళ్లల్ల నేనొక్కదాన్నే మిగిలిన.

నిజాం కాలం. సర్కారు బడి ఎల్లారెడ్డిల, అదీ ఉర్దూల. మా ఊర్లె ఒక పంతులు తన అరుగు మీద తెలుగు చెప్తుండె. ఫీజంటే పైసలు కాదు, జొన్నలు.

సాయిలుకు ఐదేండ్లుండొచ్చు. మా అవ్వ చిన్న మట్టి గురిగి నిండ జొన్నలు పోసి వాని చేతుల పెట్టింది. ఒక్క గింజ కింద పడకుండ పట్టుకొని నడిచిండు. నేను ఎనుక పోయిన.

పంతులు గురిగి తీసుకొని చాటల కుమ్మరించిండు. జొన్నలు పల్చగ పరుచుకున్నయ్.

సాయిలు చూసిండు. మొఖం మాడింది.

“అయ్యా, తక్కువైనయ్. మా అవ్వ నిండ పోసింది. మీరు తీసిన్రు.”

పంతులు ముందు నవ్విండు. మళ్ల గురిగిల పోసి చూపెట్టిండు. “ఇప్పుడు?”

“ఇప్పుడు మంచిగున్నయ్.”

మళ్ల చాటల పోసిండు.

“చూసిన్రా, మళ్ల తీసిన్రు!”

అరుగు మీద పోరగాండ్లు పడి పడి నవ్విన్రు. పంతులుకు కోపమొచ్చింది. అందరి ముంగట దొంగను చేసిండాయె. ఈతబరిగెతోటి రెండు అంటించి, “మొద్దు వెధవ! వీని తలకాయల జొన్నలు గూడ లెవ్వు. బర్రెలు కాసుకోనియ్యి” అన్నడు.

గదే వాని చదువు. మొదలు అదే, ఆఖరు అదే.

ఇప్పుడు నేను అడుగుత.

వానికి తక్కువ కనవడ్డయ్. తక్కువైనయ్ అంటే ఎవరో తీసిన్రు. చేతులు పెట్టింది పంతులే. మరి పంతులే తీసిండు.

గిది మొద్దు మాటనా? గిది లెక్క! పెద్ద మనిషిని, బరిగె పట్టుకున్నోన్ని, మొఖం మీద అడిగిండు. చిన్నోడు, చూసే కన్ను ఒక్కటే ఇంక పండలే.

“ఎందుకట్ల అనుకున్నవ్రా?” అని ఒక్కరు అడగలే.

రెండేండ్లో మూడేండ్లో గడిచినయ్. వానకాలం, పాకల బర్రెను పిండిండు. చెంబుల పాలు తలె పళ్లెంల పోసి నాకిచ్చిండు. “తక్కువైనయ్ గదరా తమ్మీ?” అని, ఏమంటడో చూద్దామని మక్కర్ చేసిన.

“పిచ్చి లేసిందా అక్కా? గవే పాలు. వెడల్పు పరుచుకున్నయ్, గంతే.”

ఎవ్వరు చెప్పలే. టైం వచ్చింది, వానికే తెలిసింది.

మా బాపు దగ్గరికి చేన్లకు ఉరికిన. “బాపూ, వానికి తెలిసింది, బడికి తోలు” అన్న.

“మరి బర్రెల నువ్వు కాస్తవా?”

“కాస్త.”

“నీ పెండ్లయితది, పోతవ్.”

అయినా ఒక దినం తోలుకపోయిండు. పంతులు గడపల నిలవడి “వాడా! వాని సంగతి నాకెర్కనే” అని తలుపు దగ్గరికేసిండు.

నా పిల్లలు, మనుమలు, మునిమనుమలు గా వయసుల అందరు గదే మాట. గ్లాసుల మజ్జిగ గిన్నెల పోస్తె తక్కువైందని ఏడ్సుడే. మౌనిక గూడ ఏడ్సింది, ఇప్పుడు బి.ఎడ్. చేస్తున్నది. వాళ్ల క్లాసుల చెప్తరంట, చిన్నపిల్లలకు గట్లనే కనవడ్తదని.

మా ఊరికి గా ముచ్చట ఆలస్యంగ వచ్చింది.

అన్నిటికంటె నాకు బాధ ఏందంటె, సాయిలు గూడ నమ్మిండు. పంచాయితీల అడిగితే “నేను మొద్దుని, నాకేం ఎర్క” అనేటోడు. గంగారాం చిన్నప్పుడు లెక్కల బుక్కు పట్టుకొని దగ్గరికొస్తె, లేచి పాకలకు పోయేటోడు. ఎండ చూసి ఎప్పుడు నాటెయ్యాల్నో చెప్పేటోడు, బుక్కు చూస్తె మాత్రం భయపడేటోడు.

ఈ గ్రూప్ల టీచర్లున్నరు. బిడ్డా, పిలగాడు తప్పు చెప్తె నవ్వకుండ్రి. ఎందుకట్ల అనుకున్నవని అడుగుండ్రి. ఇయ్యాల తెల్వకుంటె రేపటికి ఆగుండ్రి. తలుపు మాత్రం వెయ్యకుండ్రి.

గంగారాం, నీకు చెప్తున్న. ఫ్లెక్స్ మీద “సాయిలు” అని రాయి. ఏ సాయిలు అంటె, లచ్చవ్వ తమ్ముడు అని రాయి. మొద్దు అని ఉంటె పదో దినం నాడు నేను గడప తొక్క.

తమ్మీ,
మంచిగ పోయి రా.
ఆడ ఎవరన్న నీ మాట ఆఖరి దాక వింటె, భయపడకుండ చెప్పు.
నిమ్మళంగ ఉండు బిడ్డా.

లచ్చవ్వ నిశాని: ఎడమ బొటనవేలు, కింద ఫొటోల ఉన్నది.
సాక్షులు: మౌనిక, మునిమనుమరాలు. షాహీన్, పక్కిల్లు.