ఎడమ భుజం కుట్లు

మొన్న సోమవారం ఆఫీసు బస్సు కోసం నిలబడి ఉంటే పూలమ్మే ఆమె చెప్పింది, మా సందు చివరి దర్జీ తాత పోయాడని. నా చెయ్యి గుండె మీదికి పోయింది. భయమేస్తే నాకది అలవాటు.

విజయనగరంలో డిగ్రీ చదివేటప్పుడు నాకు ఎడమ భుజం కింద పేస్‌మేకర్ పెట్టారు. ఉద్యోగానికి ఈ బోయిగూడ వచ్చాక, జాకెట్టు కుట్టు దానికి ఒరుసుకుంటోందని తాతకి చెప్పాను. లోపల పాత పంచె గుడ్డ వేసి కుట్టాడు. ఆ తర్వాత అడగకుండానే ప్రతి జాకెట్టుకీ వేసేవాడు. కొలతల పుస్తకంలో నా పేరు పక్కన "ఎడమ దిక్కు మెత్తగ" అని రాసుకున్నాడు.

నిరుడు పేస్‌మేకర్ పెట్టిన చోట ఎర్రగా వాచింది. సెగ్గడ్డ అనుకుని నెల రోజులు పసుపు రాశాను. డాక్టరంటే భయం, సెలవు అడగాలంటే ఇంకా భయం. అమ్మకి ఫోన్లో కూడా చెప్పలేదు. వదులు చెయ్యమని ఇచ్చిన జాకెట్టు మీద పసుపు మరకా, చీము చారా చూసి కనిపెట్టింది తాతే.

"ఇది కుట్టు తక్లీఫ్ కాదు బిడ్డా. నడువు, దవాఖానకు పోదాం," అని, కుడుతున్న గుడ్డ అట్లాగే వదిలేసి ఆటో పిలిచాడు.

పేస్‌మేకర్ చుట్టూ చీము పట్టిందన్నాడు డాక్టరు. అది ఒక్కటే తీస్తే చాలదట, దాన్నుంచి గుండెలోకి వెళ్లిన రెండు తీగలూ తియ్యాలట. పదేళ్లలో అవి నరానికీ గుండె గోడకీ అతుక్కుపోయాయి. తీసేటప్పుడు చిరిగితే అప్పటికప్పుడు ఛాతీ తెరవాలి. తియ్యకపోతే చీము రక్తంలోకి పోతుంది. నేను చచ్చిపోతాననే అనుకున్నాను.

తాత ఒక్కటే అడిగాడు. "సార్, లాగుతరా, ఇప్పుతరా?"

డాక్టరు, తీగ మీదుగా సన్నటి గొట్టం తొడిగి, అతుకు తర్వాత అతుకు నెమ్మదిగా విడదీస్తామన్నాడు. తాత నావైపు తిరిగాడు.

"పాత కుట్టు లాగితే గుడ్డ చినుగుతది. ఇప్పితే చినగది. సార్‌కు పని తెల్సు."

అమ్మ రైలు దిగి వచ్చేసరికి, ఆపరేషన్ గది బయట తాత మెడలో టేపుతోనే కూర్చుని, దాని కొసని వేలికి చుడుతూ విప్పుతూ ఉన్నాడట. అమ్మ ఆ మాట ఇప్పటికీ చెబుతుంది.

బతికాను. కొన్నాళ్లకి కుడి వైపు కొత్త పేస్‌మేకర్ పెట్టారు. తాత నా పాత జాకెట్లన్నీ అడిగి తీసుకుని, ఆ మెత్తటి గుడ్డ ఎడమ నుంచి కుడికి ఒక్కొక్కటిగా మార్చసాగాడు.

నిన్న ఆయన కోడలు ఆఖరి జాకెట్టు తెచ్చిచ్చింది. కుడి వైపు ఇంకా ఏమీ కుట్టలేదు. ఇక ఎవరు కుడతారు? దాన్ని వేసుకోవాలంటేనే నాకు భయంగా ఉంది. కిటికీ దగ్గర వెలుతురుకి పట్టి చూశాను. ఎడమ భుజం దగ్గర కుట్లు విప్పేసి ఉన్నాయి. సూది బెజ్జాలు వరసగా కనిపిస్తున్నాయి. గుడ్డ ఎక్కడా చినగలేదు.