సగం ముఖం పెళ్లికొడుకు

ఆ రోజుల్లో నాకు వెలుగు కన్నా నీడ మీదే నమ్మకం ఎక్కువ. నారాయణఖేడ్ బస్టాండు దగ్గర కొత్తగా ఫొటో స్టూడియో పెట్టుకున్నాను. వచ్చేవాళ్లందరికీ కావలసింది ఒక్కటే. చెరోపక్క ఒక లైటు వెలగాలి, ముఖం మీద ఎక్కడా నీడ పడకూడదు, మనిషి ఉన్నదానికంటే కాస్త తెల్లగా రావాలి. నేనేమో ఫోన్‌లో పాఠాలు చూసి, ఒక్క లైటుతోనే మనిషి మనసును బయటికి తీయవచ్చని నేర్చుకున్నవాణ్ణి. ఆ లైటును ఒక పక్కగా, తలకంటే కొంచెం ఎత్తులో పెట్టాలి. ఒక చెంప వెలుగులో, రెండోది చీకట్లో ఉండాలి. చీకటి చెంప మీద, కంటి కింద, చిన్న ముక్కోణంలా వెలుగు పడాలి. ఆ ముక్కోణమే ఆ ఫొటోకు ప్రాణం. (నా ముఖం మీద అది ఎన్నడూ పడలేదు. వెలుగునంతా నా ముక్కే ఆపేసేది.) అలా తీసి చూపిస్తే జనం "కరెంటు వోయిందా అన్నా?" అని అడిగేవారు. వాళ్లకు కళ తెలియదని జాలిపడేవాణ్ణి.

అప్పుడే కల్హేర్‌లో ఉండే మా పెద్దమ్మ ఒక సంబంధం తెచ్చింది. అమ్మాయిది నాగల్‌గిద్ద, ఇంట్లో కన్నడం మాట్లాడతారు. పెద్దమ్మ ఫోన్‌లో ఆ అమ్మాయి ఫొటో చూపించింది. కందిచేను గట్టు మీద నిలబడి, ఎండకు కళ్లు చికిలించి నవ్వుతోంది. మిట్టమధ్యాహ్నం తీసిన ఫొటో, వెలుతురు ఏమాత్రం బాగాలేదు. అయినా ఫోను పెద్దమ్మకు తిరిగి ఇవ్వబుద్ధి కాలేదు. చేసుకుంటే ఈ అమ్మాయినే అనుకున్నాను. ముందు నా ఫొటో పంపాలి, అది నచ్చితేనే వాళ్లు చూడటానికి వస్తారు. ఇంకేం, ఒక్క లైటు వేసుకుని, కుడిపక్కను చీకటికి వదిలేసి, దూరంగా ఏదో ఆలోచిస్తున్నట్టు చూస్తూ దిగాను.

అది చూసి అమ్మ నొసలు చిట్లించింది. "ఏందిరా గిది? మొకానికి గ్రహణం వట్టినట్టున్నది. మంచిగ రెండు లైట్లేసుకొని దిగరాదు?"

"నీకు తెల్వదమ్మా, గిది ఆర్టు."

"ఆర్టో గీర్టో నాకెర్కలేదు. పిల్లనిచ్చేటోళ్లు మొకం జూస్తరు గాని నీడ జూస్తరార?"

ఆమె మాట వినకుండా అదే పంపాను. అంతే, అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. పెద్దమ్మకు ఫోన్ చేసి అడిగితే "సూస్తుండ్రంట" అంటుంది. నా బెంగ ఎవరికీ చెప్పుకోలేక, వచ్చినవాళ్లకు మాట్లాడకుండా ఫొటోలు తీసి పంపేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం ఒక ముసలావిడ ఆటో దిగి లోపలికి వచ్చింది. వెంట వచ్చినాయన గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ఆవిడ ఫొటో దిగాలంది. స్టూలు మీద కూర్చోబెట్టి లైటు సవరిస్తుంటే, ఆవిడ కెమెరాను కాక నన్నే చూస్తోంది. "ఇటు రా బిడ్డా" అని పిలిచి, నా గడ్డం పట్టుకుని ముఖాన్ని లైటువైపు తిప్పింది. నా ఎడమ కన్ను అరచేత్తో మూసి, ఎదురుగా వేళ్లు చూపించింది.

"ఎన్ని?"

"మూడు."

"ఇప్పుడు?"

"ఒకటి. అవ్వా, ఫొటో దిగేది నువ్వా, నేనా?"

ఆవిడ గుమ్మం వైపు తిరిగి "ఎరడూ కణ్ణు ఇవె!" అని కేకేసింది. రెండు కళ్లూ ఉన్నాయట! అప్పటికి గాని ఆవిడ నాగల్‌గిద్ద అమ్మాయి వాళ్ల అజ్జి, అంటే అవ్వ అని, గుమ్మంలో ఉన్నాయన వాళ్ల నాన్న అని నాకు వెలగలేదు. "సగం మొకం పంపితివి. ఒంటికన్నోడేమో, దాశిపెడుతుండని ఇంటిల్లిపాది పరేషాన్" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ అడగకముందే రెండో లైటు కూడా వేసి, నీడ లేకుండా ఆవిడ ఫొటో తీశాను.

పెళ్లయింది. నా పెళ్లి నిలబెట్టింది నా కుడికన్నేనని చాలా ఏళ్లు నమ్ముతూ వచ్చాను. మొన్నీమధ్య పాత ఫొటోలు చూసుకుంటూ, "అజ్జి వచ్చి సూసింది గాబట్టి సరిపోయింది" అన్నాను. నా భార్య నవ్వింది. "ఎందుకొచ్చిందో ఎర్కనా? ఇంట్ల అందరు వద్దన్నరు. ఒక్క కన్నే ఉన్నా మంచిదే, గీయన్నే చేసుకుంట అని నేనన్న. గప్పుడు అజ్జి బుగులు వట్టి ఆటో ఎక్కింది."

ముక్కోణం కోసం అన్ని తంటాలు పడిన ఆ కుర్రాడికి ఈ సంగతి అప్పుడే తెలిస్తే ఎంత పొంగిపోయేవాడో! మరునాడు ఆ సగం ముఖం ఫొటోకు ఫ్రేము కట్టించి స్టూడియో అద్దాల బీరువాలో పెట్టాను. వచ్చినవాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు, "గీ ఒంటికన్నాయన ఎవరన్నా?" అని.

"మా ఇంటామెకు తెల్సినాయన" అంటాను.