నల్లచెరువు కట్ట మీద నా లా చదువు

మొన్న మా మనవరాలు నన్ను ఉప్పల్ చౌరస్తా దగ్గర ఒక జిమ్ముకు వెంటబెట్టుకుని వెళ్ళింది. అది లా ఆఖరి ఏడు చదువుతోంది. పరీక్షలు దగ్గరపడే కొద్దీ తలనొప్పులూ, నిద్రలేమీ పట్టుకున్నాయి. కాలేజీకి ఎవరో వచ్చి, లా చదివేవాళ్ళు పుస్తకంతో పాటు ఒంటినీ మనసునూ కూడా చూసుకోవాలని ఉపన్యాసం ఇచ్చి వెళ్ళారట, అప్పటినుంచీ ఈ జిమ్ము. లోపలికి అడుగు పెట్టి నివ్వెరపోయాను. అద్దాల గదిలో వరసగా యంత్రాలు, వాటి మీద మనుషులు నడుస్తున్నారు, చెమటలు కక్కుతూ నడుస్తున్నారు, అంగుళం ముందుకు కదలడం లేదు! ఇదేం నడకరా భగవంతుడా అనుకుంటూ ఒక కుర్చీలో కూలబడ్డాను. మా పిల్ల కూడా ఒక యంత్రం ఎక్కి, చెవుల్లో తెల్లటి బిళ్ళలు రెండు దోపుకుంది. దాని పక్క యంత్రం మీద దాని తల్లి, అంటే నా కూతురు, ఆమె చెవుల్లో ఆమె బిళ్ళలు. ఏం వింటున్నావే అని సైగ చేస్తే, మనవరాలు ఒక బిళ్ళ తీసి, హిందూ లా పాఠం అమ్మమ్మా, వారసత్వం చాప్టర్ అని చెప్పి మళ్ళీ పెట్టేసుకుంది.

నవ్వకండి, యాభై ఏళ్ళు దాటినా ఆ చాప్టర్ పేరెత్తితే నాకు కాళ్ళ కింద నేల కదులుతుంది. ఎందుకో చెబుతాను.

నేను లా చదివే రోజుల్లో ఉప్పల్ ఊరే తప్ప నగరం కాదు. మా ఆయన నాచారంలో ఒక ఫ్యాక్టరీలో పని చేసేవారు. సైకిలు మీద పోయి సైకిలు మీద వచ్చేవారు. ఆయన నాకు మేనబావ. అంటే మా అత్తగారు పరాయి మనిషి కాదు, మా నాయనకు సొంత చెల్లెలు, ఒక్కగానొక్క తోబుట్టువు. నా పుట్టిల్లు పక్కనే, పీర్జాదిగూడలో. మా నాయన వ్యవసాయదారుడు; ఏదో గట్టు తగాదాలో కోర్టు మెట్లెక్కి దిగి విసిగిపోయి, నల్లకోటు వేసుకున్న మనిషి ఇంట్లో ఒకరుంటే చాలనుకున్నాడు. కొడుకులు లేరు. అందుకని నా పెళ్ళి మాటల్లోనే చెల్లెలి దగ్గర మాట తీసుకున్నాడు, డిగ్రీ అయింది, పిల్లను లా చదివించాలని. కోడలు లా చదవడమేమిటని ఊరు ముక్కున వేలేసుకుంది. మా అత్త మాత్రం సరేనంది.

సరే అన్నారు కానీ చదవాల్సింది నేను కదా. పొద్దున వంటా, ఇల్లూ, మధ్యాహ్నం పుస్తకాలు, సాయంత్రం బస్సెక్కి నగరంలో క్లాసు. క్లాసులో ఆడవాళ్ళం వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందిమి. ఇంగ్లీషు పుస్తకాలు ఇటుకల్లా ఉండేవి. తిండి తినాలనిపించేది కాదు, టీ నీళ్ళతోనే కడుపు నింపుకునేదాన్ని. చదువంటే ఒళ్ళు హూనం చేసుకోవడమేనని మా తరంలో చాలామందికి ఒక పిచ్చి నమ్మకం, మీకూ ఉండే ఉంటుంది. ఫలితం ఏమైంది? మొదటి ఏడు తిరక్కుండానే బస్సులో నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే కళ్ళు తిరిగి పడిపోయాను. ఎవరో పుణ్యాత్ములు ఇంటికి చేర్చారు. దవాఖానాలో డాక్టరు నాడి చూసి, రోగం లేదమ్మా, తిండీ నిద్రా నడకా లేవు, అంతే అన్నాడు.

ఆ మరునాటినుంచి మా అత్త నన్ను తన చేతిలోకి తీసుకుంది. తలకు ఆముదం, పొద్దున్నే జొన్న గటకలో చల్ల, టీ బంద్. తెల్లారుతుండగానే నల్లచెరువు కట్ట మీద నడక. ఈ చివరినుంచి ఆ చివరిదాకా, మళ్ళీ వెనక్కి. కట్ట ఆ చివర నిలబడితే తూము అవతలి మెట్ట మీద మా నాయన చెలక కనిపించేది, ఆముదాలో కందులో వేసి ఉండేవాడు. నడకకు ఆమె పెట్టిన నియమం విని నేను మొదట విస్తుపోయాను. నోరు మూసుకుని నడవకూడదట!

"మాట తెగకుంట నడిస్తె పాణం మంచిగున్నట్టు. దమ్మొస్తె జర నిమ్మళంగ నడువ్. గని నోరాపకు. నీ పాఠమే జెప్పు. గా ఇంగిలీసుల గొణుగుడు గాదు, నాకు దెలిసేటట్టు జెప్పు."

అక్షరం రాని మనిషికి కాంట్రాక్టు చట్టం చెప్పమంటే ఎలా? మొదట్లో ఏడుపొచ్చింది. తర్వాత చూస్తే, ఆమెకు అర్థమయ్యేట్టు చెప్పగలిగిన పాఠమే నాకు అర్థమైన పాఠం, మిగిలిందంతా బట్టీ. ఆమె ఊఁ కొట్టకపోతే నాకు రానట్టే లెక్క. చూస్తుండగానే ఒంట్లోకి నెత్తురొచ్చింది, ఆకలి వేసింది, తలనొప్పి ఎటు పోయిందో పోయింది. రెండో ఏడు క్లాసులో నా జవాబు పత్రం చూసి మా లెక్చరరే ఆశ్చర్యపోయాడు.

ఆ లెక్చరరు మాకు ఒక కిటుకు చెప్పాడు. ఏ చట్టమైనా తలకెక్కాలంటే మీ ఇంటి మనుషులనే అందులో నిలబెట్టండి అనేవాడు. ఆఖరి ఏడు వారసత్వ చట్టం వచ్చింది. అప్పటికి ఆ చట్టం వచ్చి పుష్కరం దాటింది, కానీ మా ఊళ్ళలో దాని ఊసు ఎవరికి తెలుసు? నేను మంచి విద్యార్థినిని కదా, మా ఇంటివాళ్ళనే నిలబెట్టాను. కట్ట మీద నడుస్తూ గడగడా ఒప్పజెప్పాను. అనుకో అత్తా, మా తాత ఉన్నాడు, చెలక సొంత కష్టంతో కొన్నాడు, విల్లు రాయకుండా పోయాడు, అప్పటికే చట్టం వచ్చింది, తాతకు ముందే నాయనమ్మ పోయింది. ఇక మిగిలింది ఒక కొడుకు, ఒక కూతురు. చెరి సగం. పెళ్ళయిన కూతురైనా సరే, చెరి సగం!

ఇందులో అనుకోవాల్సిందేమీ లేదని, ప్రతి ముక్కా నిజమని నాకు ఒక్క క్షణం కూడా తట్టలేదంటే నమ్ముతారా? నా మటుకు అది ప్రశ్నాపత్రం. మా అత్త ఆ రోజు ఊఁ కొట్టలేదు. మల్లొక్కసారి జెప్పు అంది. చెప్పాను. ఆ వారమంతా అదే పాఠం చెప్పించుకుంది. నాకు సరిగా రాలేదేమోనని నేనూ శ్రద్ధగా చెప్పాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకు మా నాయన చెల్లెల్ని ఒడిబియ్యానికి పిలిచాడు. మనవైపు ఆచారం తెలిసిందే కదా, బేసి సంవత్సరంలో ఆడబిడ్డను పుట్టింటికి పిలిచి, కొత్త చీర పెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు కొంగులో పోసి పంపుతారు. ఒడి నిండిన ఆడబిడ్డను కంటతడి పెట్టించకూడదంటారు. మా అమ్మ బియ్యం పోసింది, చుట్టాలు పోశారు, నేనూ పోశాను. మా అత్త ఒడి పట్టుకుని లేచి నిలబడి, అన్న మొహంలోకి చూసి, ఏ వణుకూ లేకుండా అంది:

"అన్నా, ఒడి నింపినవ్, సల్లగుండు. గట్లనే నాయిన చెలకల నా పాలు నాకియ్యి."

నా చేతిలో బియ్యపు పళ్ళెం జారి కింద పడింది, ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. మా నాయన మొహం నెత్తురు చుక్క లేకుండా పోయింది. అరవడానికి లేదు, ఒడి నిండి ఉన్న మనిషి ఎదుట నిలబడింది. ఎంత జాణ మా అత్త, ఎంచి ఎంచి ఆ గడియ పట్టుకుంది! మా నాయన మెల్లగా తల తిప్పి నా వైపు చూశాడు.

"నల్లకోటు నాకోసమనుకున్న బిడ్డా," అని మాత్రం అన్నాడు.

మర్నాడే కబురొచ్చింది, చదువు బంద్ చేయమని. పుట్టింటి కొంపకు నిప్పు పెట్టడానికా చదివించింది అని మా అమ్మ వచ్చి శాపనార్థాలు పెట్టింది. మా ఆయన తల్లిని ఏమీ అనలేక, మామను ఏమీ అనలేక, ఫ్యాక్టరీకి సెలవన్నది లేకుండా పోయేవారు. చదువు ఆగేది లేదని మా అత్త పట్టు. నాకేమో ఆమె మొహం చూస్తే ఒళ్ళు మండిపోయేది. ఆమెతో నడకకు పోవడం మానేశాను, ఆమె పెట్టిన గటక ముట్టడం మానేశాను. పరీక్షలు ముంచుకొచ్చాయి, పుస్తకం తెరిస్తే అక్షరాలు అలుక్కుపోయేవి. పరీక్ష రాస్తే నాయన దూరమవుతాడు, రాయకపోతే ఇన్నేళ్ళ చదువు పోతుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ఒకనాడు వాకిట్లో నీళ్ళు చల్లుతూ చల్లుతూ మళ్ళీ కళ్ళు తిరిగి పడ్డాను.

మరునాడు తెల్లారగట్ల మా అత్త వచ్చి నా దుప్పటి లాగేసింది. రానన్నాను. నీవల్లే ఇదంతా అని నోటికొచ్చిందంతా అనేశాను. ఆమె కోప్పడుతుందనుకున్నాను. నా పక్కన కూచుని, నా పాదాలు తన ఒళ్ళోకి తీసుకుని రుద్దుతూ అంది.

"నువ్వు నేర్పినవని అడగలే. నాది గనుక అడిగిన. నాకూ మా అన్నకూ నడుమ నువ్వెందుకు సస్తున్నవ్ పిల్లా? లే, నడువ్."

లేచాను. కట్ట ఎక్కి నాలుగడుగులు వేశామో లేదో, ఎదురుగా మా నాయన! నేను పడిపోయిన సంగతి ఎవరో చెప్పారట, తెల్లారకముందే బయల్దేరాడు. ఆయన నన్ను ఎగాదిగా చూసి, గింత పీక్కపోయినవేంది బిడ్డా అని, మారు మాట లేకుండా నా ఇంకో పక్కన నడవడం మొదలుపెట్టాడు. అటు ఆయన, ఇటు ఆమె, నడుమ నేను. మా అత్త ఏమీ ఎరగనట్టు, పాఠం జెప్పు అంది. ఏ పాఠం అన్నాను. పరీక్షల ఏది వస్తదో గదే అంది.

చెప్పాను. దమ్మొచ్చింది, ఆపకు అంది మా అత్త. మొత్తం చెప్పాను, ఈసారి అనుకో అన్న మాట లేకుండా. మా నాయన ఆ చట్టం మొదటిసారి వినడం అదే. సగం కట్ట దాటాక ఆయన నోరు విప్పాడు.

"నాయిన పోయేటప్పుడు నోటితోని చెప్పిండు గద, చెలక నీదేనని?"

నేను ఆగిపోయాను. ఆయన కూడా ఆగాడు. జవాబు నాకు తెలుసు, నా పేరు తెలిసినంత బాగా తెలుసు. చెప్పాల్సింది కన్నతండ్రికి.

"నోటిమాట చెల్లదు నాయినా," అన్నాను.

"ఇన్నేండ్లు నేను దున్నిన గద?"

"అత్త పాలు అత్త తరపున దున్నినట్టు నాయినా."

తూము దాకా నడిచాం. అక్కడ ఆయన నిలబడి చెలక వైపు చాలాసేపు చూశాడు. చెయ్యెత్తి, కట్ట దిక్కున్న సగం నీది సెల్లె అన్నాడు. తర్వాత నా నెత్తి మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువు ఇప్పటికీ తెలుస్తూనే ఉంటుంది.

"కోర్టుల గూడ గిట్లనే చెప్పాలె బిడ్డా. ఎదురుంగ ఎవరున్నా సరే."

నేను చెరువు కట్ట మీద భోరున ఏడ్చాను. ఆ ఏడు పరీక్ష రాశాను, పాసయ్యాను, నల్లకోటు వేసుకున్నాను. ఇచ్చిన మాట ప్రకారం భూమి ఇచ్చాడు కానీ మా నాయన ఆ తర్వాత చాలా రోజులు మా గడప తొక్కలేదు. మళ్ళీ ఒడిబియ్యం ఏడు వచ్చినప్పుడు, మా అత్త ఆ పిలుపు కోసం చూసినంతగా భూమి కోసం కూడా చూడలేదు. రోడ్డు మీద ఎవరి సైకిలు బెల్లు మోగినా వాకిట్లోకి పరుగెత్తేది. పిలిచాడు. బియ్యం తన చేత్తో తనే పోశాడు, మాట మాత్రం మాట్లాడలేదు. ఆయన వంగి పోస్తున్నంతసేపూ మా అత్త ఏడుస్తూనే ఉంది, ఆ రోజు ఆమెను ఏడవద్దని ఎవరూ అనలేదు.

ఇద్దరూ పోయి ఎన్నో ఏళ్ళయింది. చెలక జాడ లేదు, ఆ వైపంతా మేడలే. కట్ట మీద ఇప్పుడు తెల్లారి నడిచేవాళ్ళు లేకపోలేదు, ఒక్కొక్కరూ చెవులు మూసుకుని నడుస్తారు. పిల్లలు ఒంటిని చూసుకుంటున్నారు, మాలాగా పడిపోయేదాకా ఆగడం లేదు, అందుకు సంతోషమే.

జిమ్ములో మా పిల్ల దిగి, చెమట తుడుచుకుంటూ నా పక్కన కూచుంది. ఆ చాప్టర్ ఒకసారి పైకి చెప్పవే, మీ అమ్మ కూడా వింటుంది అన్నాను. ఇక్కడా, అందరూ చూస్తారు అమ్మమ్మా అని నవ్వేసింది. నా కూతురు ఇంకా నడుస్తూనే ఉంది, తన పాటేదో తను వింటూ. నేను ఆ తెల్లటి బిళ్ళల వైపు చూస్తూ కూచున్నాను. మా అత్త చెవుల్లో కూడా అవే ఉండి ఉంటే, ఆ చెలకలో సగం తనదని ఆమెకు ఎవరు చెప్పి ఉండేవారు?