పాలవాడు కాళ్లు తుడుచుకోడు

ఆ వీధిలో అందరికీ ఆమె గంజి అమ్మమ్మ. క్రీస్తు గుడిలో బలిపీఠం మీద పరిచే తెల్లబట్టలూ, పూజలో పాత్ర తుడిచే చిన్న గుడ్డలూ ఇంటికి తెచ్చి ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి ఇచ్చేది. జీతమూ లేదు, బత్తెమూ లేదు. ఆ గుడ్డలు జాడించిన మొదటి నీళ్లను తూములో పోయనిచ్చేది కాదు. దేవుడి శరీరమని నాలిక మీద పెట్టే అప్పం, ఆ సత్ప్రసాదం పొడి వాటిలో ఉంటుందని, పెరట్లో గోడవారన మట్టిలోకి ఒంపేది. కాపురానికొచ్చిన కొత్తలో కోడలు తెలియక ఆ నీళ్లతో మెట్లు కడిగేసింది.

"ఓసి నీ చేతులు పడిపోను! దేవుణ్ణి తూములో పోశావు కదే!" అని అత్త గుండెలు బాదుకుంది. ఆ తర్వాత కూరలో ఉప్పు ఎక్కువైనా సరే, పాలు పొంగినా సరే, "దేవుణ్ణే తూములో పోసింది, ఇదెంత" అనేది. కోడలి పిల్లలు పెద్దవాళ్లై ఎవరి దారిన వాళ్లు వెళ్లారు గానీ ఆ మాట మాత్రం ఇల్లు వదల్లేదు.

దేవుడి బట్టలకు ఇంత చాకిరీ చేసే మనిషి సత్ప్రసాదం తీసుకోవడానికి మాత్రం లేచేది కాదు. అందరూ వరసలో ముందుకు కదులుతుంటే వెనక బల్ల మీద తలవంచుకు కూర్చునేది. అడిగితే మోకాళ్ల నొప్పులనేది. ఆ మోకాళ్లతోనే నిండు బిందె ఎత్తి నడుముకు పెట్టుకునేది.

"బిందెకి లేని నొప్పి గుళ్లోనే వస్తుందేంటి అత్తయ్యా?" అని ఒకరోజు కోడలు దెప్పింది. అత్త తిట్టలేదు. మడతపెట్టిన గుడ్డను విప్పి, నీళ్లు చిలకరించి, మళ్లీ మొదటినుంచీ ఇస్త్రీ చేసింది. ఆ మౌనానికి కోడలు తిట్లకన్నా ఎక్కువ భయపడింది.

ఊపిరితిత్తుల్లో నీరు చేరి మంచాన పడ్డాక పెద్దాసుపత్రివాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. కొడుకు నీటి పంపులు బాగుచేసే మనిషి. ఎంత మొండి మోటారునైనా విప్పి వరసగా పేర్చగలడు గానీ, తల్లి దగ్గితే గది బయటే నిలబడిపోయేవాడు. పెద్ద కూతురు సంచితో దిగి, వచ్చీ రాగానే వంటింట్లో డబ్బాలు సర్దడం మొదలుపెట్టింది. ఒళ్లు తుడవడం, బట్టలు మార్చడం కోడలి వంతు.

అలా ఒళ్లు తుడుస్తున్నప్పుడే అత్త ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఫాదర్ గారిని పిలిపించు. నాకు మాట ఉండగానే పిలిపించు. చావు ముందు పూసే నూనె మాట పోయాకైనా పూస్తారు. ఫాదర్ చెవిలో పాపం ఒప్పుకోడానికి నోరుండాలి."

"మీకిప్పుడేమైందని అత్తయ్యా..."

"ఊరుకోవే. నీకొక్కదానికే చెబుతున్నా. మీ మావగారు పోయేటప్పుడు ఫాదర్ కావాలని అడిగాడు. ఆ నూనె చూస్తే గుండాగి పోతాడని నాకు భయం. ఫాదర్ గుమ్మం దాకా వస్తే, నిద్రపోతున్నారని పంపేశా. ఆయన అడుగుతూనే పోయాడు. ఇన్నేళ్లూ ఇది తప్ప అన్నీ ఒప్పుకున్నా. ఇది దాచుకుని దేవుణ్ణి నాలిక మీద ఎట్లా పెట్టుకోనే?"

 కోడలు తన చేతిలో తడిగుడ్డ నీళ్లు మంచం మీదికి కారుతున్నా చూసుకోలేదు.

ఆ సాయంత్రం భర్త అన్నం దగ్గర కూర్చున్నప్పుడు కదిపింది. ఆయన ముద్ద కలపడం ఆపేశాడు.

"ఫాదర్ వచ్చాడంటే ఇక వెళ్లమని మనమే చెప్పినట్టు. వద్దు."

"ఆమే అడుగుతోందండీ."

"జ్వరంలో ఏదో అంటుంది. నిన్నటికన్నా తేరుకుంది కదా!"

ఆడపడుచు డబ్బా మూత పెడుతూ అందుకుంది. "మా అమ్మని పంపించడానికి అంత తొందరేంటమ్మా? చాకిరీ కష్టంగా ఉందా?"

ఆ మాట కోడలికి ముల్లులా దిగింది. అయినా మర్నాడు పొద్దున్నే కొంగు కప్పుకుని తనే గుడికి వెళ్లింది. ఫాదర్ గారు పక్క ఊళ్లో పూజకు వెళ్లారని, రాగానే పంపిస్తానని గుడి వంటమనిషి చెప్పింది. మధ్యాహ్నం కోడలు మాత్రల కోసం మందుల షాపులో నిలబడి ఉండగా ఫాదర్ గారు వచ్చారు. ఆమె వీధి మలుపు తిరిగేసరికి ఆయన బండి వెనక్కి వెళ్లిపోతోంది. చెయ్యెత్తి పిలిచింది, వినపడలేదు.

గుమ్మంలో భర్త నిలబడి ఉన్నాడు.

"నిద్రపోతోందని చెప్పా. ఆదివారం రమ్మన్నా" అన్నాడు, ఆమె మొహం చూడకుండా.

లోపల్నించి అత్త గొంతు సన్నగా వచ్చింది. "ఎవర్రా వచ్చింది?"

"పాలవాడమ్మా."

 అత్త అంది: "పాలవాడు గుమ్మంలో కాళ్లు తుడుచుకోడురా."

కొడుకు పెరట్లోకి వెళ్లిపోయాడు. కోడలు మంచం దగ్గర కూలబడి, "నేను మళ్లీ వెళ్తా అత్తయ్యా, ఇప్పుడే పిలుచుకొస్తా" అంది.

"వాణ్ణేం అనకు. నా కడుపున పుట్టినవాడు, నాలాగే చేశాడు" అని అత్త గోడవైపు తిరిగింది.

కోడలు చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. ఫాదర్ గారు అటునించి అటే ఇంకో ఊరు వెళ్లారు. ఆయనకు కబురంది వచ్చేసరికి అత్త కళ్లు తెరిచే ఉన్నాయి, నాలుక మాత్రం తిరగడం లేదు. ఫాదర్ గారు వంగి, పాపాలేమైనా చెప్పుకుంటావా అమ్మా అని చెవి దగ్గర అడిగారు. ఆమె పెదవులు కదిలాయి. గొంతులో గరగర తప్ప ఏమీ రాలేదు. మళ్లీ ప్రయత్నించింది. మెడ నరాలు పొంగి, కళ్లనుంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. "దేవుడికి తెలుసమ్మా" అని ఆయన నుదుటికీ అరచేతులకూ నూనె పూశారు. ఆడపడుచు వెక్కివెక్కి ఏడ్చింది. కొడుకు గది బయటే ఉండిపోయాడు. తెల్లారకముందే అత్త పోయింది.

గోడలకు అంటించిన కాగితాల మీద, "సకల దివ్యసంస్కారాలు అందుకుని ప్రభువునందు నిద్రించినది" అని, అంటే పాపం ఒప్పుకోవడం దగ్గర్నుంచి నూనె దాకా అన్నీ అందాయని వేయించింది ఆడపడుచు. సమాధి పూజలో ఫాదర్ గారు కూడా అదే మాట చెప్పి, చావుకు ఇలాంటి సిద్ధపాటు అందరికీ దొరకదన్నారు. ముందు బల్ల మీద భర్త కళ్లు తుడుచుకుంటూ తల ఊపాడు. కోడలు ఆయన మెడవైపే చూస్తూ కూర్చుంది. లేచి అబద్ధమని అరవాలనిపించింది. అరిస్తే అత్త దాచుకున్నదాన్ని వీధిలో పెట్టినట్టే. 

మట్టి వేసి వస్తుంటే పక్కింటి పిన్నిగారు చెయ్యి పట్టుకున్నారు.

"మీ అత్త పుణ్యాత్మురాలమ్మా. అన్నీ అందుకుని పోయింది. నాకూ అలాంటి చావే రావాలని ప్రార్థన చెయ్యి."

కోడలు ఆగింది. ముందు నడుస్తున్న భర్తకూ ఆడపడుచుకూ వినపడేలాగే చెప్పింది.

"అలాంటిది కోరుకోకండి పిన్నిగారూ. ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే మీ కాళ్లతో మీరే గుడికి వెళ్లి, ఒప్పుకోవలసింది ఒప్పుకుని రండి. మన మీద ప్రేమున్నవాళ్లని మాత్రం నమ్ముకోకండి."

భర్త అడుగు తడబడింది. వెనక్కి మాత్రం తిరగలేదు.