సౌర తుపానుకి విడుపు ఎప్పుడు?

2024 మే నెల. అమలాపురంలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నాను. సూర్యుడి మీద పేలుళ్ళ వల్ల భూమికి మ్యాగ్నెటిక్ స్టార్మ్, అంటే అయస్కాంత తుపాను, వచ్చిందని టీవీలు హోరెత్తిస్తున్నాయి. ఆ ఉదయం మా ల్యాబ్ అటెండర్ సుబ్బలక్ష్మిగారు తలుపు తీసి, లోపలికి పోకుండా గుమ్మంలోనే నిలబడ్డారు.

ఆవిడ కూతురు కువైట్‌లో ఉంటుంది. ఏడో నెల. పురిటికి రావడానికి ఆ రాత్రికే టికెట్టు. ఇంకో వారం దాటితే విమానంవాళ్ళు ఎక్కించుకోరు. అక్కడే పురుడొస్తే చూసే దిక్కు లేదు.

"గ్రహణానికే కడుపుతో ఉన్నదాన్ని కదలనివ్వమండి. ఇదేమో సూర్యుడి తుపానంటున్నారు. దీనికి విడుపు ఎప్పుడండి మేష్టారూ? అదయ్యేకే ఎక్కమంటాను."

గ్రహణమైతే పట్టూ విడుపూ పంచాంగంలో ఉంటాయి. దీనికి పంచాంగం లేదు. "తెల్లవారుజామునే విడిచేసిందండీ" అని ఒక్క అబద్ధమాడితే పనైపోతుంది. నోటిదాకా వచ్చింది కూడా. ఎందుకో ఆగి, కుర్చీ వేసి కూర్చోబెట్టాను.

"సూర్యుడి నుంచి సోలార్ విండ్ అని ఎప్పుడూ ఒక గాలి వీస్తుంటుందండి. గాలంటే విద్యుత్తున్న సన్నటి కణాలు. అలాంటి కణాల్ని భూమి అయస్కాంతశక్తి పట్టుకుని తన చుట్టూ తిప్పుతుంటుంది. అవే రేడియేషన్ బెల్టులు. గారె చుట్టూ ఇంకో పెద్ద గారె ఉన్నట్టు, రెండుంటాయి. తుపానొస్తే పెద్దది ఒక్కోసారి ఖాళీ అవుతుంది, ఒక్కోసారి ఉబ్బుతుంది. గాలి తగ్గినా ఆ ఉబ్బు వారాల తరబడి ఉండొచ్చు. ఎప్పటికి తీస్తుందో నాకు తెలీదండి."

ఆవిడ ముఖం పాలిపోయింది. "అయితే విడుపు లేదాండి?"

"లేదండి. కానీ ఆ బెల్టులు మామూలు రోజుల్లోనూ ఉంటాయి. మీ అమ్మాయి కువైట్ వెళ్ళిన రోజూ ఉన్నాయి. విమానం పోయేది వాటికి ఎంతో కిందనండి. ఉపగ్రహాలకి గండం గాని, ఈ దారిలో వచ్చే మనుషులకి కాదు. డాక్టరుగారు ఏమన్నారు?"

"ప్రయాణం చెయ్యొచ్చన్నారండి. మీ అమ్మాయైతే రమ్మంటారా?"

ఇన్నేళ్ళలో ఏ విద్యార్థీ నన్ను ఇంత కష్టమైన ప్రశ్న అడగలేదు.

"రమ్మంటానండి. ఈ రాత్రికే."

"ఆయ్. విడుపే లేనిదానికి కాసుక్కూచుని ఏం చేస్తానండి. వచ్చేయమంటాను" అని ఫోను తీశారు.

అమ్మాయి క్షేమంగా వచ్చింది. ఎందుకైనా మంచిదని, పెరట్లోనే పసుపునీళ్ళ స్నానం చేయించి లోపలికి తీసుకెళ్ళారట. నాకు నవ్వొచ్చింది గాని, తప్పనిపించలేదు.

ఆ తుపానుకి రెండు బెల్టుల మధ్య కొత్తవి పుట్టి నెలల తరబడి నిలిచాయని తర్వాతెప్పుడో చదివాను. అవింకా పైన తిరుగుతుండగానే ఇక్కడ మనవరాలు పుట్టింది. ఆ రోజు విడిచేసిందని చెప్పి ఉంటే, ఈ వార్త విన్నాక పిల్ల తుమ్మినా సుబ్బలక్ష్మిగారికి గుండె జారిపోయేది. తెలియనిది తెలియదని చెప్పాను కాబట్టే నాకు తెలిసిన ఆ ఒక్క ముక్కనీ నమ్మి, కూతుర్ని విమానం ఎక్కించారు.